మైలోమా తిరగబెట్టినప్పుడు: మూడు మందుల కోర్సును ఇంటివాళ్లు నడిపించుకోవడం ఎలా

మైలోమా అనే ఎముక మూలుగ క్యాన్సర్ తిరగబెట్టిందని డాక్టరు చెప్పారా? అయితే ఈ రాత్రికి ఒక పని పెట్టుకోండి. పాత ఫైళ్లన్నీ మంచం మీద పరిచి, ఒక తెల్లకాగితం తీసుకుని, ఇప్పటిదాకా వాడిన ప్రతి మందూ ఎప్పుడు మొదలైంది, ఎంత డోసు, ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది అన్నది తేదీలతో రాయండి. ఎందుకు ఆగింది అన్న గడి అన్నిటికంటే ముఖ్యం. కోర్సు పూర్తయి ఆగిందా, కాళ్ల తిమ్మిర్లకు ఆపారా, డబ్బు చాలక మనమే మానేశామా, మందు వేసుకుంటుండగానే జబ్బు పెరిగిందా. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు సంగతులు. తర్వాత ఏ మందులు ఇవ్వాలన్నది వాటిని బట్టే తేలుతుంది.

మా నాన్నకి 2019లో మైలోమా బయటపడింది. ఖమ్మంలో ఏడాది పాటు నడుంనొప్పి అని తిరిగి తిరిగి, చివరికి హైదరాబాద్‌లో తేలింది. బోర్టిజోమిబ్, లెనలిడోమైడ్, డెక్సామెథసోన్ ఇచ్చారు, ఆ తర్వాత బోన్‌మారో ట్రాన్స్‌ప్లాంట్ చేశారు, అదయ్యాక లెనలిడోమైడ్ 10 ఎంజీ మాత్ర కొనసాగించారు. 2023లో ఆ మాత్ర వేసుకుంటుండగానే రిపోర్టు పెరగడం మొదలైంది. కొత్త డాక్టరు "లెనలిడోమైడ్ వాడుతుండగా పెరిగిందా, మానేశాక పెరిగిందా?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగితే, నేను ఫైలు తిరగేస్తూ పావుగంట తీసుకున్నాను, బయట ముప్పై మంది కూర్చుని ఉన్నారు. మీకు ఆ అవస్థ రాకూడదనే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, డోసు మార్చడం, మందు ఆపడం మీ డాక్టరు చేతుల్లోనే ఉండాలి. కానీ ఇంటివాళ్లు చేయాల్సిన పని కూడా చాలా ఉంది, దాన్ని మాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

ముందు ఒక సంగతి అర్థం చేసుకోండి

మైలోమా ఎముక మూలుగలోని ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సర్. ఆ కణాలు ఎం-ప్రోటీన్ అనే పనికిరాని ప్రోటీన్‌ని రక్తంలోకి వదులుతాయి. అది అంతకు ముందు పడిపోయిన కనిష్ఠ స్థాయి నుంచి 25 శాతం పెరిగి, ఆ పెరుగుదల డెసిలీటరుకు కనీసం 0.5 గ్రాములు ఉంటే జబ్బు ముందుకు కదిలినట్టు లెక్క. ఇలా కాగితం మీదే కనిపించేది ఒక రకం. రక్తం తగ్గడం, కిడ్నీ దెబ్బతినడం, కాల్షియం పెరగడం, కొత్తగా ఎముకల నొప్పి, ఇలా ఒంట్లో కనిపించేది రెండో రకం. రెండో రకానికి వెంటనే మందులు మొదలుపెడతారు. మొదటి రకంలో ఎంత వేగంగా పెరుగుతోందో చూసి, ఒక్కోసారి నెలా రెండు నెలలు ఆగుతారు. డాక్టరు "కొంచెం చూద్దాం" అంటే నిర్లక్ష్యం అనుకోకండి, కానీ మళ్లీ టెస్టు ఎప్పుడో తేదీ రాయించుకోకుండా లేవకండి.

ఇంకో మాట. మందు వాడుతుండగా గానీ, ఆఖరి డోసు వేసుకున్న 60 రోజుల్లోపు గానీ జబ్బు పెరిగితే ఆ మందుకి జబ్బు లొంగట్లేదని అర్థం. డాక్టర్లు రిఫ్రాక్టరీ అంటారు. మీ కాగితంలో ఆ మందు పక్కన ఎర్ర పెన్నుతో ఒక గీత గీయండి.

మూడు మందులు ఎందుకు, ఏవి ఎందుకు

ఈ మందుల పేర్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. చివరి అక్షరాలు పట్టుకోండి, సులువవుతుంది. "జోమిబ్" అని ముగిసేవి ఒక కుటుంబం: బోర్టిజోమిబ్, కార్ఫిల్జోమిబ్, ఇక్సాజోమిబ్. "డోమైడ్" అని ముగిసేవి ఇంకో కుటుంబం: థాలిడోమైడ్, లెనలిడోమైడ్, పోమలిడోమైడ్. "మాబ్" అని ముగిసేవి యాంటీబాడీలు: డారాటుముమాబ్, ఐసాటుక్సిమాబ్, ఈ రెండూ ప్లాస్మా కణం మీదుండే సీడీ38 అనే గుర్తును పట్టుకుంటాయి. వీటిలో ఏ జత కట్టినా తోడుగా డెక్సా అనే స్టెరాయిడ్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. సైక్లోఫాస్ఫమైడ్ పేరు కూడా మైడ్‌తోనే ముగుస్తుంది గానీ అది పాతకాలపు కీమో మందు, ఆ కుటుంబం కాదు. మెడికల్ షాపులో ఈ పేర్లు తారుమారు కాకుండా చూసుకోండి.

ఒక మందు వదిలేసిన కణాలను ఇంకోటి పట్టుకుంటుంది, అందుకే జట్టుగా ఇస్తారు. దీనికి పెద్ద ఆధారం పోలక్స్ అనే ట్రయల్: లెనలిడోమైడ్, డెక్సా రెండే తీసుకున్నవాళ్లలో సగం మందికి జబ్బు మళ్లీ ముదరకుండా నిలిచిన కాలం 17.5 నెలలు, వాటికి డారాటుముమాబ్ కలిపితే 44.5 నెలలు. ఈ అంకె చూసి నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. కానీ ఆ ట్రయల్‌లోకి లెనలిడోమైడ్‌కి లొంగనివాళ్లను తీసుకోలేదు. మా నాన్నలాంటివాళ్లు ఎక్కువగా ఉన్న అపోలో అనే ట్రయల్‌లో, పోమలిడోమైడ్, డెక్సాలకు డారాటుముమాబ్ కలిపితే ఆ కాలం 12.4 నెలలు, కలపకపోతే 6.9. ట్రయల్ పేరే అది, హాస్పిటల్‌కి సంబంధం లేదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన అంకె మీవాళ్లకి వర్తిస్తుందా లేదా అన్నది ఆ ఎర్రగీతే చెబుతుంది. అదీగాక ఇవి సగటు మనిషి లెక్కలు, ఇంతకంటే చాలా ఎక్కువ కాలం బాగున్నవాళ్లు డేకేర్‌లో, అంటే పగటిపూట మందులు ఎక్కించి పంపే వార్డులో, నా కళ్ల ముందే ఉన్నారు.

మామూలుగా ఆలోచన ఇలా నడుస్తుంది. లెనలిడోమైడ్ పక్కన ఎర్రగీత లేకపోతే దానికే డారాటుముమాబ్ గానీ కార్ఫిల్జోమిబ్ గానీ కలుపుతారు. ఎర్రగీత ఉంటే దాన్ని పక్కనపెట్టి పోమలిడోమైడ్ వైపు గానీ, కార్ఫిల్జోమిబ్‌తో యాంటీబాడీ వైపు గానీ వెళ్తారు. బోర్టిజోమిబ్ కోర్సు పూర్తయి ఆగి, అప్పట్లో బాగా పనిచేసి ఉంటే దాన్ని మళ్లీ తేవచ్చు. యాంటీబాడీ ఖర్చు భరించలేనివాళ్లకి పోమలిడోమైడ్, సైక్లోఫాస్ఫమైడ్, డెక్సా అని మొత్తం మాత్రల కోర్సు ఉంది, ఊళ్లో ఉండి వేసుకోవచ్చు, నెలకోసారి వచ్చి చూపించుకుంటే సరిపోయేవాళ్లు చాలామంది. గుండె బలహీనంగా ఉంటే కార్ఫిల్జోమిబ్ గురించి, కాళ్ల మంటలు ముందే ఉంటే బోర్టిజోమిబ్ గురించి డాక్టరు వెనకాడతారు, కాబట్టి ఈ రెండు ఇబ్బందులూ అడగకముందే చెప్పండి.

డబ్బు సంగతి దాచుకోకుండా మొదటి రోజే మాట్లాడండి. మధ్యలో ఆగిపోయే ఖరీదైన కోర్సు కంటే చివరిదాకా నడిచే చవక కోర్సు మేలని మా డాక్టరే అన్నారు. లెనలిడోమైడ్, బోర్టిజోమిబ్ జెనరిక్‌లు మన హైదరాబాద్ కంపెనీ నాట్కో లాంటివి తయారుచేస్తున్నాయి, వాటి ధర కొంత అందుబాటులో ఉంది. డారాటుముమాబ్ మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, అంతకుముందు 12 శాతం ఉండేది, బిల్లులో చూసుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ ఉన్నవాళ్లు ఏ కాంబినేషన్ వస్తుంది, ఏది రాదు అని హాస్పిటల్‌లో ఆరోగ్యమిత్రని అడగండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ వాళ్లు "మాత్రలకు ఇవ్వం" అంటే అక్కడితో ఊరుకోవద్దు. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఆధునిక చికిత్సల జాబితాలో నోటి ద్వారా తీసుకునే కీమో, యాంటీబాడీ ఇంజెక్షన్లు రెండూ ఉన్నాయి, పాలసీలో పరిమితి ఎంతో మాత్రం చదవాలి.

మొదటి డోసుకి ముందు

డారాటుముమాబ్ ఇస్తున్నారంటే అంతకుముందే బ్లడ్ గ్రూపు, యాంటీబాడీ స్క్రీనింగ్ చేయించి ఆ రిపోర్టు ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. ఈ పని మేం చేయలేదు. ఆరు వారాల తర్వాత నాన్నకి హిమోగ్లోబిన్ 6.8కి పడిపోతే ఊళ్లోనే రక్తం ఎక్కిద్దామని వెళ్లాం, బ్లడ్ బ్యాంకులో కుర్రాడు ఒకటి తర్వాత ఒకటి మూడు బ్యాగులు చూసి "ఏదీ మ్యాచ్ అవ్వట్లేదన్నా" అన్నాడు. అమ్మ అక్కడే కుర్చీలో కూలబడింది. అసలు విషయం ఏంటంటే ఈ మందు ఎర్ర రక్తకణాల మీద కొద్దిగా ఉండే సీడీ38కి కూడా అంటుకుంటుంది, దాంతో క్రాస్‌మ్యాచ్ తప్పుగా పాజిటివ్ వస్తుంది. ఆఖరి డోసు తర్వాత ఆరు నెలల దాకా ఇలా రావచ్చు. డీటీటీ అనే రసాయనంతో కణాలను శుద్ధి చేసి మళ్లీ చూస్తే సరిపోతుంది, పెద్ద బ్లడ్ బ్యాంకులకు ఇది తెలుసు. ఆ రోజు డేకేర్ సిస్టర్ ఫోన్‌లో ఆ కుర్రాడికి చెప్పారు, రాత్రి తొమ్మిదింటికి రక్తం దొరికింది. అప్పటినుంచి నాన్న జేబులో ఆధార్ కార్డు వెనక ఒక చీటీ ఉంటుంది: "డారాటుముమాబ్ వాడుతున్నారు, బ్లడ్ బ్యాంకుకి చెప్పాలి" అని.

హెపటైటిస్ బి టెస్టు కూడా ముందే చేయించాలి, ఎప్పుడో వచ్చి అణిగిపోయిన వైరస్ ఈ మందులతో మళ్లీ లేస్తుంది. కార్ఫిల్జోమిబ్ అయితే గుండెకి ఎకో స్కాన్ తీయించి, ఇంట్లో బీపీ మిషను కొనండి. ఎముకలకు జోలెడ్రోనిక్ యాసిడ్ ఇస్తున్నట్టయితే ముందు పళ్ల డాక్టరుకి చూపించి, పీకాల్సిన పన్ను ఉంటే అప్పుడే పీకించేయండి. ఆ ఇంజెక్షన్ మొదలయ్యాక పన్ను పీకితే దవడ ఎముక మానకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది.

మొదటి రోజు డేకేర్‌లో

డారాటుముమాబ్ సెలైన్‌లో ఎక్కిస్తే మొదటిసారి దాదాపు ఏడు గంటలు పడుతుంది, కొన్నిచోట్ల రెండు రోజులకు పంచి ఇస్తారు. పొట్ట చర్మం కింద మూడు నుంచి ఐదు నిమిషాల్లో ఇచ్చే రకం కూడా ఉంది, మీ హాస్పిటల్‌లో దొరుకుతుందేమో అడగండి. మొదటిసారి రియాక్షన్ రావడం మామూలే, సెలైన్‌లో ఇస్తే దాదాపు సగం మందికి వస్తుంది. నాన్నకి గంటన్నర తర్వాత గొంతులో గరగర అన్నారు, ముక్కు మూసుకుపోయింది, ఆ వెంటనే పళ్లు టకటకలాడేంత చలి. సిస్టర్ ఆపేసి, ఇంకో ఇంజెక్షన్ ఇచ్చి, అరగంట తర్వాత నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టారు. రెండోసారి ఏమీ రాలేదు. కాబట్టి గొంతు కొంచెం గరగరలాడినా, చలి అనిపించినా మనిషి మొహమాటపడకుండా చెప్పాలి. "వాళ్లని ఎందుకు ఇబ్బంది పెట్టడం" అని నోరు మూసుకునే పెద్దవాళ్లు ఎక్కువ, పక్కన కూర్చున్న మీరే చూసి చెప్పండి.

ఈ ఇంజెక్షన్ మొదటి ఎనిమిది వారాలు వారానికోసారి, ఆ తర్వాత 24వ వారం దాకా రెండు వారాలకోసారి, అక్కడినుంచి నాలుగు వారాలకోసారి. బోర్టిజోమిబ్‌తో కలిపితే ఈ లెక్క కొంచెం మారుతుంది. మొదటి రెండు నెలలు కష్టంగా ఉంటుంది, ఉద్యోగం చేసేవాళ్లు సెలవులు అప్పటికి దాచుకోండి.

క్యాలెండరు

ఇంట్లో జరిగే తప్పులు ఎక్కువగా తారీఖుల దగ్గరే. పోమలిడోమైడ్ 21 రోజులు వేసుకుని 7 రోజులు మానాలి. డెక్సా వారానికి ఒక్కరోజే, 40 ఎంజీ, 75 ఏళ్లు దాటినవాళ్లకి సాధారణంగా 20. చిన్న మాత్రలు దొరికితే 4 ఎంజీవి పది ఒకేసారి మింగాలి. నాన్న అరచేతిలో పది మాత్రలు చూసి "ఏంట్రా, ఇవన్నీ నాకేనా?" అన్నారు. ఆ తర్వాతి నెల మెడికల్ షాపులో 40 ఎంజీ మాత్ర ఒకటే దొరికింది, కవరు మీద కుర్రాడు అలవాటు కొద్దీ 1-0-0 అని రాశాడు. నేను ఊళ్లో లేను. నాన్న రోజూ ఒకటి చొప్పున మూడు రోజులు వేసుకున్నారు. మూడో రాత్రి నిద్రలేదు, మొహం ఎర్రబడింది, ఏదో కోపం, షుగరు 418. వెంటనే హాస్పిటల్‌కి ఫోన్ చేసి ఇన్సులిన్‌తో దారిలోకి తెచ్చాం.

అప్పటినుంచి గోడ మీది పంచాంగం క్యాలెండర్లోనే అన్నీ రాస్తున్నాం. అమ్మకి ఇంగ్లిష్ పేర్లు చదవడం రాదు కాబట్టి పోమలిడోమైడ్ వేసుకునే రోజు మీద ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో చుక్క, డెక్సా రోజు ఎర్ర చుక్క, మానేసే ఏడు రోజులూ ఖాళీ. మాత్ర మింగాక ఆ చుక్క మీద అమ్మే అడ్డగీత కొడుతుంది. డెక్సా మాత్రలు వారానికి సరిపడా విడదీసి తారీఖు రాసిన కవర్లలో పెట్టి, మిగతావి వేరే అల్మరాలో ఉంచుతాం. దాన్ని పొద్దున్నే టిఫిన్ తిన్నాక వేయండి, సాయంత్రం వేస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు. వేసుకున్న రోజు హుషారుగా ఉండి, రెండు మూడు రోజులకి నీరసపడి, దిగాలుగా కూర్చుంటారు. అది జబ్బు పెరగడం కాదు, స్టెరాయిడ్ దిగడం. షుగరు ఉన్నవాళ్లు డెక్సా వేసుకున్న రోజూ, మర్నాడూ తప్పకుండా చెక్ చేసుకోవాలి.

అసలు మందులతో పాటు కాపలా మాత్రలు కూడా ఉంటాయి, వాటిని తేలిగ్గా తీసుకుని మానేస్తుంటారు. అసైక్లోవిర్ సర్పి రాకుండా, బోర్టిజోమిబ్, డారాటుముమాబ్ వాడేవాళ్లకి చాలా అవసరం. ఆస్పిరిన్ గానీ వేరే రక్తం పలచబడే మందు గానీ కాలి సిరల్లో గడ్డ కట్టకుండా, ఎందుకంటే "డోమైడ్" మందులకి ఆ గుణం ఉంది. ఒక కాలు మాత్రమే వాచి నొప్పిపెడితే, ఉన్నట్టుండి ఆయాసం వస్తే ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్లాలి. ఈ "డోమైడ్" క్యాప్సూల్స్ విప్పకూడదు, కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లలు కనే వయసు ఆడవాళ్లు పగిలిన క్యాప్సూల్ ముట్టుకోకూడదు, గర్భంలో బిడ్డకి ఘోరమైన హాని చేసే మందులివి. మిగిలిపోతే చెత్తబుట్టలో వేయకుండా హాస్పిటల్లో ఇచ్చేయండి. చుట్ట, సిగరెట్ తాగితే రక్తంలో పోమలిడోమైడ్ తగ్గిపోతుంది, విరేచనాలకి ఊళ్లో ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకుంటే పెరిగిపోతుంది. నాన్న చుట్ట మానడానికి నా బతిమాలడం పనిచేయలేదు గానీ ఈ ముక్క పనిచేసింది.

బోర్టిజోమిబ్ వాడేవాళ్లు అరికాళ్ల మంటలు, దుప్పటి తగిలినా జివ్వుమనడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, ఇవి మొదలైన వారమే చెప్పాలి. వారానికి రెండుసార్లు ఇచ్చేది ఒకసారికి తగ్గించి, చర్మం కింద ఇస్తే చాలామందికి అక్కడే ఆగుతుంది. ఓర్చుకుంటే మిగిలిపోతుంది. ఇంజెక్షన్ రోజుల్లో గ్రీన్ టీ వద్దు, అందులోని ఒక పదార్థం బోర్టిజోమిబ్‌ని పనిచేయనివ్వదని ల్యాబ్ పరిశోధనల్లో తేలింది.

ఊళ్లో సూదులు, జ్వరం

నొప్పి అనగానే ఆర్‌ఎంపీ దగ్గరికెళ్లి డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం మన దగ్గర ఎంత మామూలో మీకు తెలుసు. మైలోమా ఉన్న కిడ్నీకి అది విషంతో సమానం. ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా అంతే. పారాసిటమాల్ వేసుకోవచ్చు, దానికి తగ్గకపోతే మీ డాక్టరునే అడగండి. ఆకు పసర్లు, పేరులేని పొడులు వద్దు. గుండెకి, కిడ్నీకి సంబంధించి డాక్టరు కట్టడి పెట్టకపోతే రోజుకి రెండు మూడు లీటర్ల నీళ్లు తాగించండి.

జ్వరం 100.4 దాటిందంటే పొద్దున దాకా ఆగొద్దు. తెల్లకణాలు తక్కువగా ఉన్నప్పుడు వచ్చే జ్వరం గంటల్లో ముదురుతుంది. పారాసిటమాల్ వేసి తగ్గింది కదా అని పడుకోబెట్టకండి, దగ్గర్లో ఏ హాస్పిటల్ రాత్రిపూట యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టగలదో ముందే కనుక్కోండి. కాళ్లలో ఉన్నట్టుండి బలం పోవడం, నడుం కింద మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం కనిపిస్తే అది వెన్నుపాము నొక్కుకుపోవడం కావచ్చు, అంబులెన్స్ పిలవాల్సిందే.

రిపోర్టులు చూసుకునే పద్ధతి

ఎం-ప్రోటీన్, ఫ్రీ లైట్ చైన్ (ఆ కణాలే వదిలే చిన్న ప్రోటీన్ ముక్కలు) టెస్టులు ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి. ఒక ల్యాబు లీటరుకు మిల్లీగ్రాముల్లో, ఇంకోటి డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తుంది, మామయ్య ఒకసారి 18 కాస్తా 180 అయిందని ఏడ్చినంత పనిచేశాడు, నిజానికి రెండూ ఒకటే. డారాటుముమాబ్ కూడా ఐజీజీ కప్పా రకం యాంటీబాడీయే కాబట్టి, జబ్బు కూడా అదే రకమైనవాళ్లకి మందే సన్నటి గీతలా రిపోర్టులో కనిపించవచ్చు, ల్యాబుకి మందు పేరు చెప్పండి. సైకిల్‌కోసారి, అంటే ఒక విడత మందులు పూర్తయినప్పుడల్లా, ఒక నోటు పుస్తకంలో ఐదు అంకెలు రాసుకుంటే చాలు: హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, కాల్షియం, ఎం-ప్రోటీన్. ఎం-ప్రోటీన్ లేని రకమైతే లైట్ చైన్లు. ఒక్క అంకె చూసి టెన్షన్ పడొద్దు, వరసగా రెండు సార్లు పెరిగితే అడగండి.

ఈ జట్టు కూడా పనిచేయడం మానేస్తే తర్వాత ఏముందని ఇప్పుడే అడిగినా తప్పులేదు. టెక్లిస్టమాబ్ లాంటి కొత్తరకం ఇంజెక్షన్లు ఉన్నాయి, రోగి తెల్లకణాలనే ల్యాబులో మార్చి మళ్లీ ఎక్కించే కార్-టి చికిత్స ఉంది. కార్-టి విషయంలో ఒక్కటి గమనించండి: 2023లో అనుమతి వచ్చిందని పేపర్లలో పడ్డ మన దేశీ నెక్స్‌కార్19 సీడీ19 మీద పనిచేసేది, కొన్ని లింఫోమా, లుకేమియాలకు మాత్రమే. మైలోమాకి వాడే కార్-టి బీసీఎంఏ అనే వేరే గుర్తును పట్టుకుంటుంది. ఈ తేడా తెలియక మా బంధువు ఒకరు ముంబైకి టికెట్లు కూడా కొన్నారు. ముందు మొదటి రోజు రాసిన ఆ కాగితం స్కాన్ చేసి పంపి అడగండి, ఆ తర్వాతే ప్రయాణం.